ఆదివారం మూడు గంటలు దొరికితే: థియేటరా, ఓటీటీనా, పుస్తకమా?

వారం మొత్తంలో నాకంటూ మిగిలేది ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దొరికే మూడు గంటలే. రెండున్నర నుంచి ఐదున్నర దాకా. ఆ తర్వాత ఇస్త్రీ బట్టలు, సోమవారం టిఫిన్‌కి పిండి రుబ్బడం, పిల్లాడి హోమ్‌వర్కు వరసగా మీద పడతాయి. అంత కష్టపడి దొరికిన మూడు గంటల్లో ముప్పావు గంట "ఏం చూద్దాం, ఏం చదువుదాం" అన్న దగ్గరే పోయేది. సోఫాలో కూర్చుని పోస్టర్లు జరుపుకుంటూ, నాలుగు ట్రైలర్లు చూసి, చివరికి ఏదీ చూడకుండా లేచిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజుల్లో సాయంత్రం మనసంతా చేదుగా ఉండేది.

మా ఇల్లు హైదరాబాద్ విద్యానగర్‌లో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లు దగ్గర, చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర, ఇంట్లో టీవీ సరేసరి. అన్నీ అందుబాటులో ఉండడమే నా చిక్కు. ఏడాది నుంచి ఒక లెక్క ప్రకారం ఎంచుకుంటున్నాను. మీరూ ఇలాగే తేల్చుకోలేక కూర్చుంటుంటే ఈ లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు, ధ్యాస ఎన్నిసార్లు తెగుతుంది? సినిమా బాగుందా, పుస్తకం బాగుందా అన్నది ఆ తర్వాతి మాట. మంచి సినిమాని పదిసార్లు ఆపుతూ చూస్తే మిగిలేది చిరాకే. మామూలు నవలని మూడు గంటలు తల ఎత్తకుండా చదివితే ఆ సాయంత్రం ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. ఇది నేను మళ్ళీ మళ్ళీ గమనించిన సంగతి.

రెండోది, మొత్తం ఖర్చు. టికెట్ ధర ఒక్కటే కాదు, గడప దాటిన దగ్గర్నుంచి మళ్ళీ గడప తొక్కేదాకా అయ్యే డబ్బంతా. మూడోది, మధ్యలో లేవాల్సి వస్తే ఏం పోతుంది? థియేటర్లో లేస్తే ఆ సీను పోయినట్టే. పుస్తకం మూస్తే ఏమీ పోదు. నాలుగోది, పక్కన ఎవరున్నారు? పసిపిల్లలా, పెద్దవాళ్ళా, స్నేహితులా, ఎవరూ లేరా? చాలామంది ఈ నాలుగోదాన్ని ఆఖర్న చూస్తారు. దాన్ని ముందే చూసుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

| ఎంపిక | నలుగురికి ఖర్చు | ధ్యాసను తెంచేది | మధ్యలో ఆపితే | ఎవరితో బాగుంటుంది |
|---|---|---|---|---|
| సింగిల్ స్క్రీన్ | సుమారు 700, పైన తిండి | ముందు వరుస ఫోన్లు | సీను పోతుంది | స్నేహితులు, జంటలు |
| మల్టీప్లెక్స్ | సుమారు 1,200, పైన తిండి | ప్రకటనలు, రాకపోకలు | సీను పోతుంది | పెద్దవాళ్ళు, పిల్లలు |
| ఇంట్లో ఓటీటీ | నెల చందాలో వాటా | కాలింగ్ బెల్లు, కుక్కరు, మన ఫోనే | పోదు, కానీ పట్టు సడలుతుంది | అమ్మానాన్నలు |
| అచ్చు పుస్తకం | 150 నుంచి 350, గ్రంథాలయంలో ఇంకా తక్కువ | నిద్ర, ఇంట్లోవాళ్ళ పిలుపులు | ఏమీ పోదు | ఒక్కరే |
| ఆడియో పుస్తకం | చందా | చేస్తున్న పనే | నాలుగు వాక్యాలు వెనక్కి | ఒక్కరే, పనిలో ఉన్నప్పుడు |

## సింగిల్ స్క్రీన్: సందడి కావాలనుకున్న రోజు

తెలంగాణలో 2021 చివర్లో ప్రభుత్వం టికెట్ ధరలకు పరిమితి పెట్టింది. ఏసీ సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠం 150, మల్టీప్లెక్స్‌లో 250, జీఎస్టీ అదనం. 18 శాతం కలిస్తే మొదటిది 177, రెండోది 295 అవుతుంది. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ప్రత్యేక అనుమతితో ధర పెంచుతుంటారు. కాబట్టి పెద్ద హీరో సినిమాకి వెళ్ళాలంటే ఒక వారం ఆగడం మేలు. సినిమా అదే, ధర మామూలుది, హాలు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. టికెట్ కూడా వీలైతే కౌంటర్లోనే తీసుకోండి. నలుగురి మీద ఆన్‌లైన్ బుకింగ్‌కి పడే కన్వీనియన్స్ ఫీజు మిగిలితే ఇంటర్వెల్ టీలు వచ్చేస్తాయి.

థియేటర్ అంటే అరుపులు, ఈలలు అని భయపడి మానేసేవాళ్ళు మా ఆఫీసులో చాలామంది ఉన్నారు. నాకు ఈలలు ఎప్పుడూ చికాకు అనిపించలేదు. ఆ సందడి తెర వైపు తిరిగి ఉంటుంది. హీరో రాగానే పడిన ఈల సినిమాలోదే. నా ధ్యాసను తెంచేది తెరకు వీపు చూపించే సందడి: ఫోను వెలుగు, పక్కవాడితో ఇంటి స్థలం బేరం, వీడియో కాల్.

మొన్నామధ్య ఒక మ్యాట్నీలో మా ముందు సీటాయన ఫోను తీశాడు, వెలుగు నిండుగా పెట్టి క్రికెట్ స్కోరు చూస్తున్నాడు. తెర మీద అర్ధరాత్రి సీను, హాలంతా చీకటి. ఆ చీకట్లో ఆ తెల్లటి పలక ఒక్కటే వెలుగుతోంది. మా పిల్లాడి కళ్ళు సినిమా వదిలేసి దాని మీదికే పోయాయి. ముందుకు వంగి "అన్నా, కాస్త ఫోను లోపల పెట్టుకోండి, పిల్లాడికి తెర కనిపించట్లేదు" అన్నాను. "అయ్యో సారీ అమ్మా" అని వెంటనే పెట్టేశాడు. అడిగితే చాలామంది పెట్టేస్తారు. అయితే ఒక ఆటలో ఎంతమందిని అడుగుతాం?

అందుకే సీటు దగ్గరే జాగ్రత్తపడాలి. బాల్కనీలో రెండో వరుస తీసుకోండి. మొదటి వరుసకి కొన్ని హాళ్ళలో రెయిలింగ్ అడ్డం వస్తుంది. రెండో వరుసలో మన ముందు ఒక్క వరుసే ఉంటుంది కాబట్టి వెలిగే ఫోన్లు కూడా తక్కువే. స్టేటస్ కోసం తెరని వీడియో తీసేవాళ్ళు మీ పక్కనే ఉంటే నెమ్మదిగా ఒక మాట చెప్పండి: 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో సినిమాని రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల జరిమానా. చాలామందికి అది నేరమనే తెలియదు.

ఏ సినిమాకి థియేటర్‌కి వెళ్ళాలి? ఫైట్లు, గ్రాఫిక్స్ ఉన్నవాటికే అని అంటుంటారు. నా మాట వింటే కామెడీకి ముందు వెళ్ళండి. పెద్ద టీవీ, మంచి స్పీకర్లు ఉంటే ఫైటు ఇంట్లో కూడా కొంత పండుతుంది. మూడు వందల మంది ఒక్కసారి నవ్వే నవ్వు ఇంట్లో పుట్టదు. థియేటర్లో కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్విన సీనుని నెల తర్వాత ఇంట్లో చూస్తే నాకు చిరునవ్వే వచ్చింది. సీను మారలేదు, పక్కన నవ్వేవాళ్ళు లేరు, అంతే.

## మల్టీప్లెక్స్: సుఖం ఉంది, ఖర్చూ ఉంది

సీట్లు బాగుంటాయి, బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి, లిఫ్టు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని తీసుకెళ్ళాలంటే నేను ఆలోచించకుండా ఇదే ఎంచుకుంటాను. సీటు మాత్రం తెర నుంచి హాలు లోతులో మూడింట రెండు వంతుల దూరంలో, మధ్యలో తీసుకోండి. శబ్దం నాలుగు వైపుల నుంచీ సమానంగా అందేది దాదాపు అక్కడే.

చికాకులు రెండు. టికెట్ మీద ఉన్న టైముకీ సినిమా మొదలయ్యే టైముకీ మధ్య ప్రకటనలు. నా అనుభవంలో పావుగంటకు తగ్గలేదు. పొగాకు హెచ్చరికని అందులో లెక్కపెట్టను. అది 2012 నుంచి నిబంధన, దాని అవసరం దానికుంది. నాకు ఒళ్ళు మండేది అదే నగల ప్రకటన మూడుసార్లు వచ్చినప్పుడు. రెండోది తిండి ధర. ఒక పెద్ద పాప్‌కార్న్ మన టికెట్‌ని దాటిపోతుంది.

తిండి విషయంలో మన హక్కులేవో తెలుసుకుని వెళ్తే గొడవలుండవు. బయటి తిండిని వద్దనే అధికారం హాలువాళ్ళకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే తిండిని ఆపకూడదు. పార్కింగ్‌కి వస్తే, తెలంగాణలో 2018 ఉత్తర్వుల ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంటకి డబ్బు తీసుకోకూడదు. పార్కింగ్ ఫీజుని మించిన విలువున్న బిల్లు గానీ సినిమా టికెట్ గానీ చూపిస్తే గంట దాటినా తీసుకోకూడదు. ఒక మాల్‌లో నన్ను నలభై రూపాయలు అడిగారు. టికెట్ చూపించాను, మాట్లాడకుండా గేటు ఎత్తారు. కాబట్టి టికెట్‌ని ఫోన్లోంచి తుడిచేయకండి.

## ఇంట్లో ఓటీటీ: రెండు సెట్టింగులు, ఒక స్టీలు డబ్బా

ఈ విషయం కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంట్లో సినిమా పాడయ్యేది ఎక్కువగా మనం సరిచేసుకోగలిగిన కారణాలతోనే.

మా అమ్మ సినిమా చూస్తూ ప్రతి ఐదు నిమిషాలకీ "ఏమన్నాడే వాడు?" అని అడిగేది. సౌండు పెంచితే పాట రాగానే ఇల్లు అదిరిపోయేది, తగ్గిస్తే మాటలు వినబడేవి కావు. రిమోట్ చేతిలో పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ ఉండేదాన్ని. చెవులు పోతున్నాయేమోనని అమ్మకి వినికిడి పరీక్ష కూడా చేయించాం. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆ రోజు రిపోర్టు చేత్తో పట్టుకుని ఆటోలో అమ్మ "నేను ముందే చెప్పాను కదా, వాళ్ళే గొణుగుతున్నారు" అంది. నాకు సిగ్గేసింది.

తప్పు టీవీలో ఉంది. సినిమా శబ్దాన్ని థియేటర్ కోసం 5.1 పద్ధతిలో, అంటే ఆరు దారుల్లో, కలుపుతారు. మాటలన్నీ ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. ఇంట్లో టీవీకి ఉండేవి రెండు చిన్న స్పీకర్లు, అవీ చాలా టీవీల్లో నేల వైపో గోడ వైపో తిరిగి ఉంటాయి. ఆ ఆరు దారుల శబ్దం రెండింట్లోకి కుదించేసరికి మాటలు సంగీతం కింద నలిగిపోతాయి. సినిమా మొదలయ్యాక ఆడియో మెనూలో 5.1 బదులు స్టీరియో (రెండు దారుల శబ్దం) ఉంటే అది పెట్టండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో క్లియర్ వాయిస్ అనో, డైలాగ్ అనో, నైట్ మోడ్ అనో ఒకటి ఉంటుంది, అదీ ఆన్ చేయండి. ఆ రోజు నుంచి అమ్మ అడగడం మానేసింది.

రెండోది బొమ్మ. కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనిపిస్తోందని చాలామంది అంటారు. సినిమాని సెకనుకి 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. టీవీ తన తెలివితో మధ్యలో లేని ఫ్రేములు కల్పించి నునుపు చేస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న పేరున్నదాన్ని ఆపేయండి. సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ ఉంటే అది పెట్టినా చాలు. క్రికెట్ చూసేటప్పుడు కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చు.

ఇక ధ్యాస సంగతి. ఇంట్లో ఆపడం సుళువు, అదే పెద్ద ఇబ్బంది. కుక్కర్ విజిల్‌కి ఒకసారి, కొరియర్‌కి ఒకసారి, పెద్దమ్మ ఫోన్‌కి ఒకసారి ఆపితే రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలవుతుంది. సస్పెన్స్ అంతా చల్లారిపోతుంది. మేం మూడు పనులు చేస్తున్నాం. ఏం చూడాలన్నది శనివారం రాత్రే తేల్చుకుంటాం. ఆదివారం మొదలుపెట్టే ముందు అందరి ఫోన్లూ వంటింట్లో ఒక స్టీలు డబ్బాలో వేస్తాం. మూత పెడితే మోత కూడా అంతగా వినపడదు. ఇంటర్వెల్ కార్డు దగ్గర తప్ప ఆపం. మన సినిమాని ఇంటర్వెల్‌కి తగ్గట్టే రాసుకుంటారు కాబట్టి అక్కడ ఆపితే కథకి దెబ్బ తగలదు, టీ కూడా కుదురుతుంది.

నలుగురు పాత్రలు ఒక ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే సినిమాలు, పరభాషా సినిమాలు నాకు ఇంట్లోనే బాగుంటాయి. సబ్‌టైటిల్స్ ప్రశాంతంగా చదువుకోవచ్చు. చాలా తెలుగు సినిమాలు ఇప్పుడు నాలుగైదు వారాల్లోనే ఓటీటీకి వచ్చేస్తున్నాయి. కాబట్టి ఇలాంటివాటికి హాలుకి పరుగెత్తనవసరం లేదు.

## అచ్చు పుస్తకం

డబ్బు లెక్కలో దీనికి సాటి లేదు. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ కూడా లేదు. రెండు వందల పేజీల నవల రెండు వందల యాభై అనుకుందాం. నేను గంటకి ముప్పై పేజీలు చదువుతాను. అంటే ఆరేడు గంటలు, గంటకి నలభై రూపాయల లోపే. ఆ తర్వాత ఇంట్లో ఇంకో ముగ్గురు చదవచ్చు.

గ్రంథాలయం అయితే మరీ తక్కువ. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం ఎలాగూ కడుతున్నాం. కట్టిన డబ్బుకి మన వాటా మనం తీసుకోవాలి. కొత్త పుస్తకాలు అక్కడ ఆలస్యంగా వస్తాయన్నది నిజమే. పాత కథల సంపుటాలు, బయట దొరకని ముద్రణలు మాత్రం అక్కడే దొరుకుతాయి.

కొనేవాళ్ళకి డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం మంచి అదను. ఏడాది పొడుగునా కావాలంటే ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. అక్కడ ఒక జాగ్రత్త. ఒకసారి పాత నవల ఒకటి అరవై రూపాయలకి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం మొదలుపెట్టి కథ మంచి పట్టులో ఉండగా పేజీ తిప్పితే 224 తర్వాత 241 వచ్చింది. చెల్లెలు ఉత్తరం విప్పబోతోంది, తిప్పేసరికి ఆమెకి పెళ్ళయిపోయి ఇద్దరు పిల్లలు. పుస్తకాలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. కుట్టేటప్పుడు ఒక ఫారం జారిపోతే సరిగ్గా పదహారు పేజీలు మాయమవుతాయి. ఆ ఉత్తరంలో ఏముందో తెలుసుకోవడానికి గ్రంథాలయంలో అదే నవల వెతికి ఆ పదహారు పేజీలు నిలబడి చదివాను. అప్పటి నుంచి పాత పుస్తకం ఏది కొన్నా పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో వేళ్ళతో జారుస్తూ చూస్తాను. ముప్పై సెకన్ల పని. మీరూ తప్పకుండా చూడండి.

మూడు గంటల్లో మొత్తం అయిపోవాలనుకుంటే వంద పేజీల లోపు నవలిక గానీ ఏడెనిమిది కథలు గానీ ఎంచుకోండి. చాలాకాలంగా చదవడం ఆగిపోయినవాళ్ళకి కథలే మేలు. ఐదు వందల పేజీల నవల పెట్టుకుని నలభయ్యో పేజీలో ఆగిపోతే, దాన్ని చూసినప్పుడల్లా ఏదో బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది.

భోజనం అవగానే పడక మీద చదవకండి, నిద్ర పట్టేస్తుంది. కుర్చీలో, కిటికీ దగ్గర, మంచి వెలుతురులో కూర్చోండి. పుస్తకం చేతిలో ఉన్నవాళ్ళని చూస్తే ఖాళీగా ఉన్నారనుకుని పిలిచే అలవాటు మన ఇళ్ళలో ఉంది. "ఐదింటి దాకా నన్ను పిలవద్దు" అని ముందే చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

ఫోన్లో పీడీఎఫ్ చదవడం గురించి ఒక్క మాట. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడున్నాయి. వెతకడానికి, సరిచూసుకోవడానికి బంగారం లాంటివి. మూడు గంటలు కూర్చుని చదవడానికి మాత్రం నాకు కుదరలేదు. పైనుంచి ఒక్క మెసేజ్ దిగితే చాలు, పేజీ పోతుంది.

## ఆడియో పుస్తకం

ఆదివారం మూడు గంటలకి ఇది నా మొదటి ఎంపిక కాదు. వారం మధ్యలో, బస్సులో, కూరగాయలు తరిగేటప్పుడు దీన్ని మించింది లేదు. తెలుగుకే ప్రత్యేకంగా దాసుభాషితం లాంటి యాప్‌లున్నాయి. ఒక్క చోట మాత్రం ఆడియో అచ్చుని దాటేస్తుంది: యాస. ఉత్తరాంధ్ర కథో, సీమ కథో, పాలమూరు కథో కళ్ళతో చదివితే మొదట్లో నాలుక తడబడుతుంది. ఆ ప్రాంతం మనిషి చదివి వినిపిస్తే రెండో పేజీకల్లా కథలో ఉంటాం. కొనే ముందు ఐదు నిమిషాల నమూనా వినండి. వెనక సంగీతం మోగుతూనే ఉంటే వదిలేయండి. గంట దాటాక తలనొప్పి వస్తుంది.

## ఎవరికి ఏది

పిల్లలున్న ఇల్లయితే ముందు సినిమా సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. 2024 నవంబరు నుంచి, పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ యూఏలో మూడు రకాలు చేశారు: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. ఏడేళ్ళ పిల్లాడితో 16 ప్లస్ సినిమాకి వెళ్ళి మధ్యలో కళ్ళు మూయడం కంటే టికెట్ తీసేటప్పుడే చూసుకోవడం నయం. రెండేళ్ళలోపు పాప ఉంటే థియేటర్ కొన్నాళ్ళు వాయిదా వేసి, పాప నిద్రపోయే వేళ కథలు చదువుకోండి. కథ ఎక్కడ ఆపినా నష్టం లేదు.

డెబ్బై దాటిన అమ్మానాన్నలతో అయితే ఇంట్లో ఓటీటీ, పైన చెప్పిన రెండు సెట్టింగులతో. నెలకోసారి మాత్రం మల్టీప్లెక్స్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళకి సినిమా కంటే చక్కగా తయారై బయటికి వెళ్ళడం ముఖ్యం. మా అమ్మ ముందురోజే చీర తీసి పెట్టుకుంటుంది.

హాస్టల్లో, పీజీలో ఒక్కరే ఉండేవాళ్ళు ఫోన్లో సినిమా చూస్తూ ఆదివారం గడిపేయకండి. సింగిల్ స్క్రీన్‌కి మ్యాట్నీకి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళడానికి మొహమాటపడాల్సిన పని లేదు. హాల్లో దీపాలు ఆరాక అందరూ ఒక్కరే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి లెక్క కాస్త వేరు. అక్కడ టికెట్ ఖరీదైనా తెలుగు సందడి దొరికే చోటు అదొక్కటే కాబట్టి పెద్ద సినిమాలకి థియేటర్, మిగతావి ఓటీటీ. అచ్చు పుస్తకాలు పోస్టులో తెప్పించుకుంటే బరువుకే డబ్బంతా పోతుంది. ఇండియా వచ్చినప్పుడు పెట్టెలో ఐదారు కిలోలు వాటికి వదులుకోండి.

భార్యాభర్తల రుచులు కలవకపోతే? మా ఇంట్లో అదే. ఆయనకి పెద్ద తెర, పెద్ద శబ్దం కావాలి. నాకు పుస్తకం, లేదంటే నెమ్మదైన సినిమా. ఇద్దరికీ నచ్చేది వెతికితే ఇద్దరికీ నచ్చనిది దొరికేది. ఇప్పుడు వారం విడిచి వారం పెట్టుకున్నాం. ఒకరి వారంలో రెండోవాళ్ళు మారుమాట్లాడకూడదు. పోయిన ఆదివారం నాది, ఐదింటి దాకా ఎవరూ నన్ను పిలవలేదు. ఈ వారం ఆయన కౌంటర్‌కి వెళ్ళి టికెట్లు తెచ్చారు. బాల్కనీ, రెండో వరుస.